ముందు మెత్తది పెట్టమన్న సత్తెన్న

నిన్న మధ్యాహ్నం చిల్కానగర్‌లో మా షెడ్డుకు ఒక పార్సిల్ వచ్చింది. అట్టపెట్టె తెరిచి లోపలి కవరు చింపగానే కొత్త ఫోమ్ వాసన ముక్కుకు తగిలింది. కొత్త పరుపు మీద మొదటి రోజు పడుకున్నప్పుడు వచ్చే వాసన అది. పెట్టె నిండా ప్యాడ్లు. కారు రంగుకు పాలిష్ పట్టే మిషన్‌కు ముందు భాగాన అంటించుకునే గుండ్రటి స్పాంజి బిళ్లలు. తెల్లవి కొన్ని, పసుపువి కొన్ని, ఒకటి రెండు నారింజ రంగువి. ఏది గట్టిదో ఏది మెత్తదో పెట్టె మీద రాసే ఉంది. నేను అది చదవలేదు. ఒక్కొక్కటీ తీసి నడుమ బొటనవేలితో నొక్కి, వదిలి, అది ఎంత తొందరగా పైకి లేస్తుందో చూస్తూ కూర్చున్నాను. ఈ అలవాటు నేర్పిన మనిషి పేరు సత్తయ్య. మేమంతా సత్తెన్న అనేవాళ్లం.

ఆయన గురించి రాయాలని చాలాసార్లు అనుకున్నాను. కూర్చున్న ప్రతిసారీ ఒక రోజు అడ్డం వచ్చి నా చెయ్యి ఆపేసేది. ఆ రోజు సంగతి వదిలేసి ఆయన గురించి ఎంత రాసినా అబద్ధమే అవుతుంది. ఆ రోజు సంగతి రాస్తే నా గురించి కూడా నిజం చెప్పాలి. ఇన్నాళ్లూ అందుకు మనసొప్పలేదు.

నాచారం పారిశ్రామికవాడలో నేను పనిచేసిన దారం మిల్లు మూతపడినప్పుడు నాకు ముప్పై ఏళ్లు. మాది భువనగిరి పక్కన పల్లె. పెళ్లయ్యాక నాచారం వచ్చాం. మా ఆయన ఆటో నడిపేవాడు, కూతురు రెండో తరగతి చదివేది. మిల్లు మూసిన రెండు నెలలకు, ఉప్పల్ నుంచి నాచారం వచ్చే రోడ్డు మీద కార్ల షెడ్డులో ఆడవాళ్లు కావాలంటున్నారని తెలిసి వెళ్లాను. కారు లోపల తుడవడం, సీట్లు శుభ్రం చేయడం, కడిగిన కారును గుడ్డతో ఆరబెట్టడం మా పని. నాతోపాటు ఎల్లమ్మ అనే ఆమె ఉండేది. యజమాని ప్రసాద్ గారు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మనిషి. గట్టిగా ఒక మాట అనేవారు కాదు. మా పాపకు జ్వరమొస్తే తన స్కూటర్ మీద దవాఖానాకు తీసుకెళ్లారు. ఇది ముందే చెప్పడం ఎందుకంటే, తర్వాత జరిగింది చదివి ఎవరూ ఆయన్ను చెడ్డవాడనుకోకూడదని.

సత్తెన్న ఆ షెడ్డులో పాలిష్ మనిషి. యాభై దాటినవాడు, పొట్టిగా, సన్నగా ఉండేవాడు. జనగామ దగ్గర ఊరు, మౌలాలి గుట్ట కింద అద్దె ఇల్లు. వయసులో ఉన్నప్పుడు బీరువాలకు, మంచాలకు పాలిష్ పెట్టాడట. తర్వాత కార్లలోకి వచ్చాడు. ఆయన చొక్కా మీద ఎప్పుడూ ప్యాడ్‌కు పూసే తెల్లటి కాంపౌండ్ ముద్ద చుక్కలు ఎండిపోయి ఉండేవి. మాటలు తక్కువ. షెడ్డు వెనుక మూలన చెక్క అల్మారా ఒకటి ఆయనది. అందులో మూడు అరలు, మూడు రకాల ప్యాడ్లు. ఆ అల్మారా మీద ఇంకెవరైనా చెయ్యి పెడితే ఊరుకునేవాడు కాదు. మిషన్ తిరుగుతున్నంతసేపూ ఎవరూ ఆయన దగ్గరికి వెళ్లేవాళ్లు కాదు. మంచినీళ్లు కూడా మిషన్ ఆగాకే ఇచ్చేవాళ్లం.

నేను చేరిన నాలుగో నెలలో అనుకుంటా, ఆయన పాలిష్ పెట్టిన నల్ల కారును బయటికి తీసి ఎండలో ఆపారు. నేను గుడ్డ పట్టుకుని చివరి తుడుపు తుడుస్తున్నాను. బానెట్ మీద ఎండ పడ్డ చోట సన్నటి గీతలు, గుండ్రంగా, సాలెగూడులా కనిపించాయి. నోరు ఊరుకోలేదు. "అన్నా, దీని మీద సాలెగూడు లెక్క ఏందో కనవడుతున్నది" అన్నాను. షెడ్డులో ఉన్న నలుగురూ పనులాపి నా వైపు చూశారు. ఎల్లమ్మ నా చీర కొంగు పట్టి వెనక్కి లాగింది. సత్తెన్న బయటికి వచ్చాడు. బానెట్ మీదికి వంగి, తల అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ఈ రోజుతో నా పని అయిపోయిందనుకున్నాను.

"ఎవరు చెప్పిన్రు నీకు?" అన్నాడు.

"ఎవరు చెప్పలేదన్నా. సూస్తే కనవడ్డది."

"లోపట లైట్ల కింద నాకు కనవడలే," అన్నాడు. కారును మళ్లీ లోపలికి తోయించాడు. గట్టి ప్యాడ్ తీసి పక్కన పడేసి, మెత్తది అంటించి, ఇంకో గంటన్నర పట్టాడు. మళ్లీ ఎండలోకి తీయించి నన్ను పిలిచాడు. "ఇప్పుడు సూడు." నల్లటి నీళ్లలోకి చూసినట్టుంది. గీత లేదు. ఆయన నన్ను మెచ్చుకోలేదు. వారం తర్వాత ఒక ఉదయం, నేను బకెట్ నింపుతుంటే వెనుక నుంచి వచ్చి, "చెల్లే, మిషన్ పడతవా?" అన్నాడు.

మగవాళ్లు నవ్వారు. ప్రసాద్ గారు కూడా అనుమానంగా చూశారు. ఆ మిషన్ బరువైనది, తిరిగేటప్పుడు మనిషిని పక్కకు గుంజుతుంది. పట్టు కొంచెం సడలినా ప్యాడ్ అంచు మీదికి లేచి రంగును కోసేస్తుంది. మొదటి నెలంతా సత్తెన్న నాకు మిషన్ ఇవ్వనే లేదు. అల్మారా ముందు కూర్చోబెట్టి ప్యాడ్లు ఇచ్చాడు. కళ్లు మూసుకుని నొక్కి, ఏది ఏ అరలోదో చెప్పాలి. "రంగు సూసి నమ్మకు. ఒక కంపెనీకి పసుపుది గట్టిది, ఇంకో కంపెనీకి పసుపుది మెత్తది. నీ బొటనేలే నమ్ము" అనేవాడు. గట్టి ఫోమ్ వెంటనే లేస్తుంది, లోతు గీతల్ని కోస్తుంది, వేడి కూడా పుట్టిస్తుంది. మెత్తది నెమ్మదిగా లేస్తుంది, పైపైన నిమురుతుంది, మెరుపు తెస్తుంది. పెద్ద ప్యాడ్ బానెట్‌కు, పైకప్పుకు. చిన్నది అద్దాల పక్కన సన్నటి చోట్లకు. అరిగి అంచులు పలచబడ్డదాన్ని ఎంత ప్రేమ ఉన్నా పారేయాలి. ఒక కాంపౌండ్‌కు వాడిన ప్యాడ్‌ను ఇంకోదానికి వాడకూడదు.

ఆ తర్వాత పాత బానెట్ ఒకటి తెచ్చి ఇటుకల మీద పెట్టి దాని మీద నేర్పాడు. నాకు ఎప్పుడూ తొందరే. గీతలు కనబడగానే గట్టి ప్యాడ్ మీదికి చెయ్యి పోయేది. ఆయన ఆ చెయ్యి మీద కొట్టేవాడు, మెల్లగానే.

"ముందు మెత్తది పెట్టు. చెయ్యంత జాగల తిప్పు, తుడువు, సూడు. పోకుంటే అప్పుడు నడిమిది. అదీ కాకుంటేనే గట్టిది."

"మూడుసార్లు ఎందుకన్నా, గట్టిదానితోని ఒక్కసారే పోతది గదా."

"పోతది. రంగు గూడ పోతది. గీత ఉంటే రేపైన తీయొచ్చు. పోయిన రంగును ఏడికెళ్లి తెస్తవ్?"

వేడి చూడటానికి అరచెయ్యి కాకుండా చేతి వెనుక భాగం ఆనించమనేవాడు. పనిచేసే వాళ్ల అరచేతులు మొద్దుబారి ఉంటాయని, వెనుకవైపు చర్మం ఇంకా పసిదేనని చెప్పేవాడు. రెండేళ్లు తిరిగేసరికి షెడ్డులో మిషన్ పట్టేవాళ్లం ఇద్దరమయ్యాం. కారు దించేవాళ్లు మొదట నన్ను చూసి ముఖం అదోలా పెట్టేవాళ్లు. సత్తెన్న ఒక్కటే అనేవాడు. "నా పనికి తప్పు పట్టింది ఆమెనే. ఇంక మీరు సూస్కోన్రి."

ఇక ఆ రోజు సంగతి. అప్పటికి తెలంగాణ ఉద్యమం జోరు మీద ఉంది. నెలలో చాలా రోజులు బందులే. షెడ్డు షట్టర్ సగం దించుకుని కూర్చునేవాళ్లం. ప్రసాద్ గారి ముఖంలో దిగులు. సత్తెన్నకు రాష్ట్రం రావాలని ఉండేది, ర్యాలీలకు వెళ్లేవాడు. కానీ ప్రసాద్ గారి ముందు ఆ మాట ఎత్తేవాడు కాదు, ఆయనా ఎత్తేవారు కాదు. అంతకుముందు ఇద్దరూ కలిసి తాగే చాయ్ వేరువేరుగా తాగడం మొదలైంది. మామూలు జనం కార్లు తేవడం తగ్గించారు. వినోద్ అని ఉప్పల్‌లో పాత కార్లు కొని అమ్మే అతను పంపే బండ్ల మీదే షెడ్డు నడుస్తోంది. అతను కారు అమ్మేముందు మా దగ్గరికి పంపి మెరిపించుకునేవాడు.

ఆ రోజు పొద్దున పదింటికి ముదురు ఎరుపు కారు వచ్చింది. సాయంత్రం నాలుగింటికి కొన్నవాళ్లు వచ్చి తీసుకెళ్తారని, ఒక డాక్టరు ఒక్కడే వాడిన బండి అని, కంపెనీ రంగు చెక్కుచెదరలేదని వినోద్ మనిషి చెప్పి వెళ్లాడు. నేను మొదలుపెట్టాను. తెల్లటి మెత్తని ప్యాడ్ అంటించి బానెట్ మీద చెయ్యంత జాగాలో తిప్పాను. గీతలు పోయాయి. ప్యాడ్ మీద కాంపౌండ్ తెల్లగానే ఉంది. పైకప్పు, ముందు తలుపులు అయ్యాయి. పన్నెండు కావస్తుండగా ఎడమవైపు వెనుక తలుపు మీద ప్యాడ్ ఆనించాను. రెండు చుట్లు తిరిగాయో లేదో, ప్యాడ్ అంచున ఎరుపు కనిపించింది. ఇంకో చుట్టుకు ప్యాడ్ ముఖమంతా ఎర్రబడింది. గాయం మీద అద్దిన దూదిలా ఉంది. వెంటనే మిషన్ స్విచ్ ఆపేశాను.

"అన్నా, రంగు పోయింది," అన్నాను.

సత్తెన్న వచ్చాడు. తలుపు చూడలేదు, ముందు ప్యాడ్ చూశాడు. తర్వాత చేతి వెనుక భాగం తలుపుకు ఆనించాడు. "ఉడుకు లేదు. నువ్వేం చెయ్యలే," అన్నాడు. నాకు ఊపిరి వచ్చింది. ఆయన ముఖం మాత్రం తేలిక కాలేదు. బానెట్ మీద వేలి కణుపుతో కొట్టాడు, ఖంగుమంది. ఆ తలుపు మీద కొట్టాడు, గోడ మీద కొట్టినట్టుంది. "కంపెనీ రంగు మీద అద్దం అసుంటి పూత ఉంటది. ప్యాడ్‌కు ఎరుపు అంటదు. దీని మీద ఆ పూతనే లేదు. దీన్ని ఎవరో బయట కొట్టిన్రు. కింద మొత్తం సొట్టలు పూడ్చిన పుట్టీనే."

తలుపు తెరిచి, రెండు తలుపుల నడుమ నిలువుగా ఉండే కంబం మీది రబ్బరు పట్టీని పట్టుకుని లాగాడు. అది ఊడి వచ్చింది. కుడివైపుది కూడా కొంచెం లాగి, రెండూ నన్ను వంగి చూడమన్నాడు. కుడివైపు కంబం మీద వరసగా చిన్న గుండ్రటి వెల్డింగ్ గుంటలున్నాయి, కంపెనీలో వేసినవి. ఎడమవైపు ఒక్కటీ లేదు. మందంగా పుట్టీ, దాని కింద గ్రైండర్ గీతలు, వంకరగా పోయిన వెల్డింగ్ అతుకు.

"కోసి అతికిన్రు," అన్నాడు మెల్లగా. "పక్కకెళ్లి ఏదో గట్టిగనే గుద్దింది దీన్ని. మళ్ల గుద్దితే ఈ కంబం ఆగది."

ప్రసాద్ గారు అప్పటికే మా వెనుక నిలబడి ఉన్నారు. మేము ఆయన్ను చూడలేదు. రబ్బరు పట్టీని ఆయనే తీసుకుని మళ్లీ తన చోట నొక్కి పెట్టారు.

"మనకెందుకు సత్తయ్యా. అమ్మేవాడు ఉన్నాడు, కొనేవాడు ఉన్నాడు. మనది పాలిష్ వరకే."

"ఎవరు కొంటున్రు సార్ దీన్ని?"

"ఎవరో టీచర్లట. భార్యాభర్తలు. పిల్లలున్నారంట."

"పిల్లలు ఎన్క సీట్లనే కూసుంటరు."

ప్రసాద్ గారు మాకు దగ్గరగా జరిగారు. తర్వాత గొంతు తగ్గించి, "వినోద్ బండ్లు ఆగిపోతే ఈ షెడ్డు నెల కూడా నడవదు. ఆరుగురు బతుకుతున్నారు దీని మీద. ఇప్పటికే బందులతో చచ్చిపోతున్నాను. దీన్ని కూడా మీకూ మాకూ మధ్య గొడవ చెయ్యకు," అన్నారు.

"మీకు మాకు ఏమున్నది సార్ ఇందుల," అన్నాడు సత్తెన్న. "నేను పొమ్మంటే పోత. దీని మీద చెయ్యి మాత్రం పెట్ట."

"అయితే ఇవాళ్టికి ఇంటికి వెళ్లు."

సత్తెన్న చేతులు కడుక్కున్నాడు. ప్రసాద్ గారు నా వైపు తిరిగి, "సరోజా, నువ్వు పూర్తి చెయ్యమ్మా," అన్నారు. ఆ మాటలో బెదిరింపు లేదు. బతిమాలినట్టే ఉంది. నేను సత్తెన్న వైపు చూశాను. వద్దని తల ఊపితే ఆగుదామనుకున్నాను. ఆయన ఊపలేదు. అల్మారా దగ్గరికి వెళ్లి అన్నింటికంటే మెత్తటి ప్యాడ్ ఒకటి ఏరి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "చేస్తే దీంతోని చెయ్యి. ఆడ రంగు పల్సగున్నది. స్పీడు పెంచకు." నా మిషన్‌కున్న ఎర్రబడ్డ ప్యాడ్‌ను ఊడదీసి బల్ల మీద పెట్టాడు. "దీన్ని మాత్రం కడగకు," అని టిఫిన్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

నేను ఆ తలుపుకు పాలిష్ పెట్టాను. నెమ్మదిగా, పొందికగా, ఆయన చెప్పినట్టే. అంచులకు టేపు అంటించి, తక్కువ వేగంలో, మిషన్ బరువు కూడా పడకుండా పట్టుకుని తిప్పాను. అన్నం తినలేదు. పాప బడి గుర్తొచ్చింది, మిల్లు మూతపడ్డాక ఇంట్లో గడిచిన ఆ రెండు నెలలు గుర్తొచ్చాయి. మధ్యలో రెండుసార్లు ఆగి గేటు వైపు చూశాను, సత్తెన్న తిరిగి వస్తాడేమోనని. రాలేదు. రెండు గంటలకు పని అయిపోయింది. ఆ కారులో అన్నింటికంటే బాగా మెరిసింది ఆ తలుపే. అందులో నా ముఖం నాకు స్పష్టంగా కనిపించింది. ఎల్లమ్మ వచ్చి, "మస్తుగ చేసినవే," అంది. ఆమెకు విషయం తెలియదు. నేను మిషన్ తీగ చుట్టసాగాను.

మూడున్నరకు వినోద్ వచ్చాడు. నాలుగింటికి ఆ టీచర్లు ఆటోలో దిగారు. ఆమెకు నలభై లోపే ఉంటుంది, భుజాన గుడ్డ సంచి. ఆయన చేతిలో పూలదండ. ఒక బాబు, ఒక పాప. వినోద్ మనిషి టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నాడు. పాప పరిగెత్తుకుంటూ వచ్చి ఆ ఎడమవైపు వెనుక తలుపే తెరిచింది. లోపల కూర్చుని కాళ్లు ఊపుతూ, "అమ్మా, నేను ఎప్పుడూ ఇటే కూర్చుంటా," అంది. ప్రసాద్ గారు ఒక్కసారి నా వైపు చూసి కళ్లు తిప్పుకున్నారు.

బల్ల మీది ప్యాడ్ ఎప్పుడు చేతిలోకి తీసుకున్నానో నాకు గుర్తులేదు. దానితో ఆ టీచరమ్మ ముందు నిలబడ్డాను. పెదాలు ఎండిపోయాయి. ఆమె నా ముఖం చూసి, "ఏంటమ్మా?" అంది.

"జర ఒక్క నిమిషం అమ్మా. ఈ తలుపు కాడ రబ్బరు గుంజి సూడున్రి."

వినోద్ నవ్వాడు. "ఏయ్, నీ పని అయిపోయింది కదా, పో." ఆమె భర్తకు విసుగొచ్చింది. ముహూర్తం దాటిపోతోందన్నాడు. ఆమె మాత్రం కదలలేదు. "ఎందుకు?" అని నన్నే అడిగింది.

నేను ప్యాడ్ చూపించాను. "బానెట్ మీద, ముందు తలుపుల మీద తిప్పితే ఇది తెల్లగనే ఉన్నది. ఈ తలుపు మీద తిప్పంగనే గిట్లయ్యింది. రంగు బయట కొట్టిన్రు. కంబం కోసి అతికిన్రమ్మా. పిల్లలు ఈడ కూసుంటరు."

"పొద్దున వీళ్ల ముసలాయనకీ ప్రసాద్ గారికీ గొడవైందంట, ఆ కసితో చెబుతోంది," అన్నాడు వినోద్. గొంతులో నవ్వు పోయింది. "ప్రసాద్ గారూ, మీ మనిషే కదా. మీరు చెప్పండి."

అందరం ప్రసాద్ గారిని చూశాం. ఆయన షట్టర్ పక్కన గోడకు ఆనుకుని ఉన్నారు. రోడ్డు మీద బస్సు ఒకటి పోయింది. దాని వెనుక ఇంకొకటి. ఆయన ముఖం చెమటతో తడిసిపోయింది. కాదని ఒక్క మాట అంటే చాలు, నన్ను ఎవరూ నమ్మరు. ఆయన గొంతు సవరించుకున్నారు.

"రబ్బరు లాగి చూపించు సరోజా," అన్నారు.

లాగి చూపించాను. ఆమె వంగి చూసింది. వేలితో ఆ వంకర అతుకును తడిమింది. కూతురి చెయ్యి పట్టుకుని కిందికి దించింది. ఎవరితోనూ గొడవ పడలేదు. భర్తతో, "పదండి," అంది. వెళ్తూ వెళ్తూ నా దగ్గర ఆగి నా పేరు అడిగింది. వాళ్లు వెళ్లాక వినోద్ తన మనిషితో కారు తీయించుకుని వెళ్లాడు. ఆ తర్వాత అతని బండి ఒక్కటి కూడా మా షెడ్డుకు రాలేదు.

మరుసటి రోజు ఆదివారం. పొద్దున్నే మౌలాలి వెళ్లాను. సత్తెన్న గడప మీద కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పాను. సంతోషపడతాడనుకున్నాను. ఆయన తల వంచుకునే విన్నాడు.

"నేను చెప్పాల్సింది అది," అన్నాడు చివరికి. "నాలుగు కొట్టేదాక ఆడనే ఉండి నేను చెప్పాలె. ఇంటికొచ్చి కూసున్న. ఆ ప్యాడ్ నీ కోసం ఇడిచిపెట్టి నేను దాక్కున్న చెల్లే."

"నువ్వు చెయ్యనన్నవ్ గదన్నా."

"ఈసారి అన్న. ఇంతకుముందు అనలే." అంతకు రెండేళ్ల ముందు వినోద్ పంపిన బూడిద రంగు కారు ఒకటి వచ్చిందట. అదీ ఇలాంటిదేనట. చూశాడు, అర్థమైంది, అయినా మెరిపించి ఇచ్చేశాడట. "నీకు చెప్పలే. ఎవరికీ చెప్పలే. ఆ బండి ఎవరు కొన్నరో ఎర్కలేదు."

"నేను గూడ ఆ తలుపు మెరిపిచ్చిన అన్నా," అన్నాను. ఆయన గడప మీద పక్కకు జరిగి నాకు చోటిచ్చాడు. వదిన చాయ్ తెచ్చి పెట్టింది. అది చల్లారిపోయింది.

సోమవారం ఇద్దరం మళ్లీ పనిలోకే వెళ్లాం. షెడ్డు నాలుగు నెలలు ఎలాగో నడిచి మూతపడింది. ప్రసాద్ గారు నన్ను ఒక్క మాట అనలేదు. మిషన్, అల్మారా సత్తెన్నకే ఇచ్చి, సామాను సర్దుకుని కొడుకు దగ్గరికి విజయవాడ వెళ్లిపోయారు. వెళ్లేరోజు సత్తెన్నా ఆయనా ఒకే బల్ల మీద కూర్చుని చాయ్ తాగారు. ఎల్లమ్మ మాత్రం నాతో మాట్లాడటం మానేసింది. ఆమెకు మళ్లీ పని దొరకడానికి ఆరు నెలలు పట్టింది. మార్కెట్లో ఎదురైతే ముఖం తిప్పుకుని వెళ్లేది. ఆమె కోపం తప్పని నేను ఏ రోజూ అనుకోలేదు. నేను నోరు తెరిచినందుకు ఆమె ఇంట్లో పొయ్యి కష్టంగా వెలిగింది.

సత్తెన్నా నేనూ మా ఆయన ఆటోలో మిషన్ వేసుకుని హబ్సిగూడ, చిల్కానగర్ కాలనీల్లో ఇంటింటికీ వెళ్లి పాలిష్ పట్టడం మొదలుపెట్టాం. ఒక రోజు ఆ టీచరమ్మ మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ఇంకో పాత కారు చూశారట, కొనేముందు ఒకసారి మెత్తని ప్యాడ్ తిప్పి చెప్పమంది. ప్రతి తలుపు మీదా చెయ్యంత జాగాలో తిప్పాం, రబ్బర్లు లాగి చూశాం. బాగుందని చెప్పాం. ఆమె బడిలో ఇంకెవరికో చెప్పింది, వాళ్లు ఇంకెవరికో. పాత కారు కొనేవాళ్లు ముందు మా దగ్గరికి తేవడం అలా మొదలైంది. బాగాలేదని చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ ఆ మాట సత్తెన్నే చెప్పేవాడు. నన్ను వెనక్కి జరగమని, అమ్మేవాడి ఎదురుగా నిలబడి చెప్పేవాడు. ఒకసారి ఒకతను ఆయన కాలర్ పట్టుకున్నాడు. సత్తెన్న ఒక అడుగు వెనక్కి వేశాడు. మాట మాత్రం మార్చలేదు.

ఏళ్ల తరబడి పీల్చిన దుమ్ముకు ఆయన ఊపిరితిత్తులు పాడయ్యాయి. చిల్కానగర్‌లో షెడ్డు తీసుకున్నాక కుర్చీలో కూర్చుని చూడటమే తప్ప మిషన్ పట్టలేకపోయాడు. రాష్ట్రం వచ్చిన ఏడాది చలికాలంలో దవాఖానాలో చేరాడు. నేను వెళ్లేసరికి వదిన మందుల కోసం కిందికి వెళ్లి ఉంది. ఆయన నన్ను దగ్గరికి రమ్మని సైగ చేశాడు. ఒక్కో ముక్కా ఆగి ఆగి ఒక కారు నంబరు చెప్పాడు. నాకు అర్థం కాలేదు.

"బూడిద రంగు బండి," అన్నాడు. "నేను మెరిపిచ్చింది. ఉప్పల్ చౌరస్తాల బస్సు కోసం నిలబడ్డప్పుడల్లా సూసెటోణ్ని, కొన్నోళ్లకు చెప్దామని. ఒక్కపారి గూడ కనవడలే. నువ్వు జర సూస్తుండు."

సూస్తనన్నా అన్నాను. నంబరు మళ్లీ చెప్పించుకున్నాను, తప్పు పోకూడదని. వారానికి ఆయన పోయాడు.

ఇప్పుడు నా దగ్గర పనిచేసేవాళ్లకు ఆ ఎర్ర కారు కథ తెలుసు. సరోజక్క ధైర్యంగా చెప్పిందట అని వాళ్లు అంటుంటే నేను ఆపుతాను. పన్నెండు నుంచి రెండు దాకా ఆ తలుపును మెరిపించింది కూడా నేనేనని చెబుతాను. అది తీసేసి చెబితే సత్తెన్న ఒప్పుకోడు. ఇప్పటికీ అమ్మేవాడి ముందు నిలబడి "ఈ బండి వద్దు" అనాల్సి వచ్చిన రోజు నా నాలుక ఎండిపోతుంది. భయం పోలేదు, పోతుందని కూడా అనుకోవడం లేదు. పొద్దున షెడ్డుకు వచ్చేటప్పుడు ఉప్పల్ చౌరస్తాలో సిగ్నల్ పడితే మా ఆయన ఆటో ఆపుతాడు. చుట్టూ ఆగిన కార్లలో బూడిద రంగువి ఎన్ని ఉన్నాయో చూస్తాను. ఒక్కోదాని నంబరూ చదువుతాను. ఆ బండి ఈపాటికి తుక్కు కింద పోయి ఉండొచ్చని మా ఆయన అంటాడు. ఉండొచ్చు. పచ్చలైటు పడేదాకా చదువుతూనే ఉంటాను.